కత్తి, ఖడ్గము, కటారు: తెలుగు బైబిలులో ఒక పొట్టి ఆయుధమును గూర్చి

క్రొత్త నిబంధన గ్రీకు మూలములో "మఖైరా" అను పదము 29 సార్లు వచ్చినది. మన సంఘములలో తరతరములుగా చదువుచున్న తెలుగు పరిశుద్ధ గ్రంథము ఈ ఒక్క పదమును రెండు మాటలుగా విడదీసినది. గెత్సేమనేలో శిష్యుడు దూసినది "కత్తి" (మత్తయి 26:51). రోమా పత్రికలో అధికారి ధరించినది "ఖడ్గము" (13:4). ఫిలిప్పీ చెరసాల నాయకుడు తన్ను తాను చంపుకొనబోయినది కత్తితో (అపొ. 16:27). హేరోదు యాకోబును చంపించినది ఖడ్గముతో (అపొ. 12:2). యేసును పట్టుకొనవచ్చిన జనసమూహము చేతిలో ఉన్నవి కత్తులు. దేవుని వాక్యమునకు చెప్పిన పోలిక మాత్రము ఖడ్గము (హెబ్రీ. 4:12). మూలములో ఈ ఆరు చోట్లా ఉన్న మాట ఒక్కటే.

అనువాదకులు అజాగ్రత్తగా ఈ పని చేసినారని మేము అనము. వారికి తెలుగు బాగా తెలుసు. తెలుగులో కత్తి ఇంటి మాట, ఖడ్గము కొలువు మాట. సామాన్యుని చేతిలో ఉంటే కత్తి, రాజు చేతిలో ఉంటే ఖడ్గము. పోలికగా చెప్పినప్పుడు, గౌరవముగా చెప్పవలసినప్పుడు సంస్కృత పదము వారి కలమునకు దానంతట అదే వచ్చియుండును. అయితే ఆ గౌరవము ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదు అని అడుగుట మన పని. మత్తయి 26:52లో ఆయుధము పట్టువాడు దానితోనే నశించునని ప్రభువు హెచ్చరించినాడు. రోమా 13:4లో అధికారి దానిని ఊరకనే ధరింపడని పౌలు వ్రాసినాడు. ఈ రెండు వచనములను గ్రీకులో ప్రక్కప్రక్కన చదివినవానికి ఒక ప్రశ్న తప్పక పుట్టును. ప్రభువు హెచ్చరిక అధికారి చేతిలోని ఆయుధమునకు కూడా వర్తించునా? తెలుగులో చదివినవానికి ఆ ప్రశ్న పుట్టదు. అక్కడ ఉన్నది కత్తి, ఇక్కడ ఉన్నది ఖడ్గము, రెండును వేరు వస్తువులు.

ఉత్తర తెలంగాణలో సేవ చేయు కాపరులకు ఇది పుస్తకపు చర్చ కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభపై పోలీసు కాల్పులు జరిగినవి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వము చెప్పినది, అంతకంటె చాలా ఎక్కువ అని హక్కుల సంఘములు చెప్పినవి. ఆ తరువాత రెండు దశాబ్దములకు పైగా ఈ జిల్లాల పల్లెలు రెండు తుపాకుల మధ్య నలిగినవి. ఆ కాలములో మన ప్రసంగ వేదికల మీద మత్తయి 26:52 దళముల వైపు చూపి చెప్పబడినది. రోమా 13:4 ఠాణా వైపు చూపి చెప్పబడినది. భయము వలన అట్లు చెప్పినవారు కొందరు, నిజముగా నమ్మి చెప్పినవారు కొందరు. మన అనువాదము వారికి అడ్డు చెప్పలేదు. కత్తి అన్నది ఒకరిది, ఖడ్గము అన్నది మరొకరిది అని ముందే పంచి పెట్టియున్నది.

మఖైరా ఎంత పొడవు?

హోమరు కావ్యమైన ఇలియడ్‌లో అగమెమ్నాను పెద్ద కత్తి ఒర ప్రక్కన వ్రేలాడు చిన్న కత్తి పేరు మఖైరా. దానితో అతడు బలిపశువుల తల వెండ్రుకలు కోసినాడు. అనగా అది మొదట వంటకు, బలికి వాడు చిన్న కత్తి. సెప్టువజింతు అనువాదకులు ఆదికాండము 22లో అబ్రాహాము చేతిలోని "మఅకెలెత్" అను హెబ్రీ పదమునకు మఖైరా అని వ్రాసినారు. యెహోషువ 5లో సున్నతికి వాడిన రాతి కత్తులకును ఆ మాటే వ్రాసినారు. కాలము గడిచిన కొలది ఈ పదము విస్తరించినది. మొదటి శతాబ్దమునాటికి రోమా సైనికుని నడుమున ఉన్న పొట్టి కత్తిని కూడా అట్లే పిలిచినారు. దాని అలుగు రెండడుగులకు మించదు. అందుచేత మఖైరా అనగా ప్రతిచోటను కూరగాయల కత్తియే అని వాదించుట సరికాదు. ఎఫెసీ 6:17లో సర్వాంగ కవచముతో కలిసి వచ్చినది గనుక అక్కడ సైనికుని ఆయుధమే. కాని అదియు పొట్టిదే, దగ్గరగా వచ్చినవానిని పొడుచునదే. దూరమునుండి విసరి నరకునట్టి పెద్ద కత్తికి గ్రీకులో మరొక మాట ఉన్నది: "రొంఫాయా". అది క్రొత్త నిబంధనలో ఏడే సార్లు వచ్చినది, ఆరు ప్రకటన గ్రంథములో, ఒకటి లూకా 2:35లో. ప్రకటన 6:4లో ఎర్రని గుఱ్ఱము ఎక్కినవానికి ఇయ్యబడినది మాత్రము మఖైరాయే, అయితే యోహాను దానికి "పెద్ద" అను విశేషణము తగిలించినాడు. ఉట్టి మఖైరా అంటే పాఠకుడు పెద్దది అనుకొనడేమో అని సందేహించినట్టు ఉన్నది.

పాత నిబంధన సంగతి వేరు. హెబ్రీ "హెరెబ్" నాలుగు వందలకు పైగా చోట్ల వచ్చును, అది పొట్టిది, పొడుగుది, మంగలకత్తి, అన్నీ కాగలదు. యెహెజ్కేలు 5:1లో ప్రవక్త హెరెబ్ తీసికొని తల, గడ్డము క్షౌరము చేసికొన్నాడు. న్యాయాధిపతులు 3:16లో ఏహూదు చేయించుకొన్న హెరెబ్ పొడవు ఒక "గోమెద్". ఈ కొలత బైబిలు అంతటిలో మరెక్కడను రాదు. 1611 నాటి ఆంగ్ల అనువాదకులు అక్కడ బాకును సూచించు మాట వాడినారు, 1885 సవరణలో అది పెద్ద కత్తిగా మారినది. మన గ్రంథము మూరెడు పొడవు, రెండంచులు అని చెప్పి "కత్తి" అని ఊరకున్నది. మా దృష్టిలో అది రెండు ఆంగ్ల అనువాదముల కంటె మేలు. వస్త్రము క్రింద కుడి తొడకు కట్టుకొని, కాపలావారి కంట పడకుండ లోపలికి తీసికొనిపోగలిగినది ఏ పరిమాణములో ఉండునో తెలుగు పాఠకుడు తానే ఊహించుకొనగలడు. కత్తి అను మాటలో ఆ వెసులుబాటు ఉన్నది.

అనువాదకులకు మరొక చోట చేతులెత్తి నమస్కరింపవలెను. హెబ్రీలో "కత్తి అంచున చంపిరి" అనరు, "కత్తి నోట చంపిరి" అందురు. ఏహూదు కత్తికి ఉన్నవి కూడా మూలములో రెండు "నోళ్లు". హెబ్రీ 4:12లోని గ్రీకు విశేషణమునకును అదే అర్థము. ఈ నుడికారమును అనేక భాషలు పోగొట్టుకొన్నవి. తెలుగులో "కత్తివాత" అను మాట సిద్ధముగా ఉన్నది. వాయి అనగా నోరు, వాత అనగా నోట. పులివాత పడినాడు అని ఇప్పటికిని మన పల్లెలలో అందురు. లూకా 21:24లో మన గ్రంథము ఈ మాటనే వాడినది. అక్కడ మాత్రము రాజుల సైన్యము చేతిలో ఉన్నది కూడా కత్తియే అయినది. నుడికారము బలముగా ఉన్నచోట హోదా తేడా నిలువలేదన్నమాట.

ఈ నేల మీది కత్తులు

మన శ్రోతలకు కత్తుల సంగతి చెప్పనక్కరలేదు. పూర్వపు కరీంనగర్ జిల్లా పడమటి అంచు దాటగానే నిజామాబాద్ జిల్లా కోనసముద్రము వచ్చును. అక్కడి కమ్మరులు మూసలలో కరిగించి తీసిన ఉక్కు పారసీక దేశము వరకు పోయి కత్తులైనది. హెన్రీ వెస్లీ వాయిసీ అను సర్వే వైద్యుడు ఆ పనిని చూచి వ్రాసిన వివరణ, ఆయన మరణించిన తరువాత 1832లో అచ్చయినది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని నియాస్ సంస్థ పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామములలో తిరిగి పాత ఇనుప కొలుముల చిట్టెపు కుప్పలను నమోదు చేసినారు. దమస్కు కత్తి అని లోకము మెచ్చినదానిలో మన కమ్మరి చెమట కొంత ఉన్నది. మన కమ్మరి సోదరులలో చాలమందికి ఆ సంగతి ఇంకను తెలియదు.

ఇక వాడుకలోని మాటలు. గౌడు మోకు, ముత్తాదుతో తాడి ఎక్కి గీతకత్తితో గెల చెక్కును. దానికి ఎంత పదును ఉండవలెనో, ఎంత లోతు దించవలెనో అతనికే తెలియును. చెప్పులు కుట్టువాని ముందు ఆరె, రంపె ఉండును. రంపెతో తోలు కోయునప్పుడు చేయి ఒక వెంట్రుక వాసి తప్పినా తోలు పాడగును. కటికెవాడు ఎముక మీద కత్తి వేయడు, కీలు వెదకి అక్కడ దించును. మంగలకత్తి వేరు, కత్తిపీట వేరు, కొడవలి వేరు. కటారు అనునది పెండ్లిలో కనబడును, దాని సంగతి క్రింద చెప్పెదము. నిజాము సైన్యములోనికి హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల నడుముల మీది వంకర బాకును బట్టి జంబియా అను మాట తెలంగాణ తెలుగులో నిలిచిపోయినది. ఇన్ని మాటలలో ఖడ్గము లేదు. అది గుడిలో దేవత చేతిలో, సినిమాలో కథానాయకుని చేతిలో ఉన్నది. 2002లో "ఖడ్గం" అను పేరుతోనే ఒక సినిమా వచ్చి ఆ మాటను యువకుల నోట మరింత నిలిపినది.

ఈ చెవులతో హెబ్రీ 4:12 వినండి. ఆ వచనములో ఉన్న పని ఏమిటి? కీళ్లను, మూలుగను విభజించుట. అది యుద్ధరంగములో చేయు పని కాదు, ఖడ్గము విసరి ఎవడును కీలు వెదకడు. అది కటికెవాని పని, బలి అర్పించు యాజకుని పని, శస్త్రవైద్యుని పని. తరువాతి వచనములో సమస్తమును దేవుని యెదుట బట్టబయలుగా ఉన్నదని చెప్పు గ్రీకు క్రియకు "మెడ" అను పదము మూలము. కోయుటకు పశువు మెడ వెనుకకు వంచి పట్టుటయే అక్కడి చిత్రమని వ్యాఖ్యాతలలో కొందరు, మల్లయుద్ధములో మెడ పట్టుటయని మరికొందరు చెప్పుదురు. మేము మొదటివారి పక్షము. 12వ వచనములో కీళ్లు, మూలుగ వచ్చిన వెంటనే 13వ వచనములో మెడ వచ్చుట యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. ఆ కత్తి క్రింద పడియున్నది శత్రువు కాదు. పత్రిక చదువుచున్నవారే, పత్రిక వ్రాసినవాడే.

ఖడ్గము అనగానే ఈ చిత్రమంతయు తలక్రిందులగును. ఖడ్గము ఎదుటివాని మీద ఎత్తునది. ఉపవాస కూడికలలో, యువజన సభలలో బైబిలును పైకెత్తి పట్టి "ఇది ఖడ్గము" అని కేకలు వేయించుట మనము చూచుచున్నదే. సండే స్కూలులో వచనము వెదకు పోటీకి పేరే స్వోర్డ్ డ్రిల్. పిల్లలకు వచనములు వచ్చుట మంచిదే, ఆ ఆట ఆపవలెనని మేము చెప్పము. కాని ఇరువది యేండ్లు అట్లు ఆడిన బిడ్డ పెద్దవాడై ప్రసంగ వేదిక ఎక్కినప్పుడు, ఆ ఆయుధము తన వైపు కూడా తిరిగియున్నదని అతనికి ఎవరు చెప్పవలెను? మన ప్రసంగములలో పొరుగు మతమును, పొరుగు సంఘమును, కొన్నిసార్లు ప్రక్క వీధిలోని పాస్టరును నరకుటకు ఈ వచనము ఎన్ని సార్లు వాడబడినదో లెక్క పెట్టుట కష్టము. రంపె పట్టిన చెయ్యి అట్లు ఊగదు.

పెండ్లికొడుకు చేతిలోనిది

ఇప్పుడు కటారు. తెలంగాణ పెండ్లిలో వరుని చేతికి చిన్న కటారు ఇచ్చి, దాని మొనకు నిమ్మకాయ గుచ్చుట అనేక కులములలో ఉన్న ఆచారము. దిష్టి తగులకుండుటకని పెద్దలు చెప్పుదురు. మొదటి తరములో విశ్వాసమునకు వచ్చిన కుటుంబములలో పెండ్లి కుదిరినప్పుడు కాపరికి ఈ ప్రశ్న తప్పదు: "అయ్యగారూ, కటారు పట్టవచ్చునా?" అడుగునది తరచుగా వరుని మేనమామయో, బావయో. వారిలో కొందరు ఇంకను సంఘములో లేనివారు.

మన కాపరులలో ఎక్కువమంది చెప్పు జవాబు ఒకటి ఉన్నది. కటారు వద్దు, దాని బదులు బైబిలు పట్టుకొమ్మందురు. వాక్యమే ఆత్మఖడ్గము గదా అని ఎఫెసీ 6:17 చూపుదురు. వరుడు కుడిచేత బైబిలు పట్టుకొని నడచివచ్చును, ఫొటోలు వచ్చును, అందరికి సంతోషము. ఈ పరిష్కారమును మేము విమర్శించుచున్నాము. విగ్రహారాధనతో రాజీ పడినారని కాదు. ఆచారమును పేరు మార్చి అట్లే నిలిపినారని. నిన్న కటారు చేసిన పనినే నేడు బైబిలు చేయుచున్నది. వాక్యము చదువుటకు కాక దిష్టి తీయుటకు వచ్చినది. పెండ్లి రోజున చేతికి వచ్చిన ఆ పుస్తకము తరువాత ఊయలలో శిశువు తలగడ క్రింద కనబడును, ఆపైన కొత్త బండి పెట్టెలో కనబడును. దుష్టశక్తి దగ్గరకు రాకుండుటకు ఇనుము పెట్టు అలవాటు మన పల్లెలలో ఎంత బలమైనదో తెలిసినవారికి ఇది వింత కాదు. ఇనుము పోయి అట్ట వచ్చినది, అంతే.

దీనికి బాటలు వేసినది కూడా మన అనువాదములోని ఆ ఒక్క మాటయే అని మేము అనుకొనుచున్నాము. వాక్యము ఖడ్గమైనప్పుడు దానిని పట్టుకొనుట చాలును. అది ఆయుధము, ఆయుధము చేతిలో ఉంటే ధైర్యము. వాక్యము కీలు వెదకు కత్తి అయితే దానిని పట్టుకొని ఫొటో దిగుట కుదరదు, దాని క్రింద పడుకొనవలెను. వరునికి ఏమి చెప్పవలెను అని అడుగు విద్యార్థులకు మా సలహా: పెండ్లికి ముందు మూడు సాయంత్రములు ఆ యింటికి పోయి హెబ్రీ 4ను, ఎఫెసీ 5ను వధూవరులతో చదివించుడి. పెండ్లినాడు చేతులు ఖాళీగా ఉండనిండి. కటారు మీద మేనమామ పట్టుబట్టితే దాని మీద యుద్ధము చేయకుడి, నిమ్మకాయ గురించి ఆయనతో నిదానముగా మాట్లాడుటకు ఏండ్లు ఉన్నవి.

పోయిన బాకు, పెరిగిన ఖడ్గము

అపొస్తలుల కార్యములు 21:38లో సహస్రాధిపతి పౌలును అడిగిన ప్రశ్నలో ఒక అరుదైన మాట ఉన్నది: "సికారియోయ్". ఇది లాటిను నుండి గ్రీకులోనికి వచ్చినది. "సికా" అనగా వంకర బాకు, అది పట్టినవారు సికారులు. మన గ్రంథము దీనిని "నరహంతకులు" అన్నది. భావము తప్పు కాదు, కాని బాకు పోయినది, దానితో చరిత్ర కూడా పోయినది. ఫేలిక్సు అధిపతిగా ఉన్న దినములలో వీరు యెరూషలేములో పండుగ జనసమూహములో కలిసి, వస్త్రముల క్రింద చిన్న బాకులు దాచుకొని తిరిగెడివారని యోసేపసు "యూదుల యుద్ధము" రెండవ గ్రంథములో వ్రాసినాడు. మొదట చంపబడినవాడు ప్రధాన యాజకుడైన యోనాతాను. పొడిచినవారే తరువాత గుంపులో నిలిచి అయ్యో అని అరచెడివారట. శత్రువును చూచి భయపడుట కంటె ప్రక్కన నిలిచినవానిని చూచి భయపడుట ఎక్కువైనదని ఆయన చెప్పినదాని సారాంశము.

కడుపులో కత్తులు పెట్టుకొని కౌగిలించుకొన్నట్లు అని మనవారు అందురు. యోవాబు అమాశా గడ్డము పట్టి ముద్దు పెట్టుకొనబోయిన తీరు (2 సమూ. 20) సరిగ్గా అదే. 1995 ఆగస్టు తరువాత అప్పటి ఉమ్మడి రాష్ట్ర రాజకీయములలో "వెన్నుపోటు" అను మాటకు వచ్చిన ప్రచారము అందరికి తెలిసినదే. ఇంత గొప్ప నుడికారము ఉన్న భాషలో సికారులను ఉట్టి హంతకులుగా వ్రాసి వదలుట నష్టము. "బాకు దాచినవారు" అంటే చాలును. పౌలును సైనికుడు అనుమానించినది హంతకుడని మాత్రమే కాదు, గుంపులో కలిసి దగ్గరకు వచ్చి పొడుచువారి నాయకుడని. మరుసటి అధ్యాయములలో నలుబదిమందికి పైగా యూదులు పౌలును పొంచి చంపుటకు ఒట్టు పెట్టుకొన్నప్పుడు ఈ సందర్భము ఎంత బరువైనదో అప్పుడు తెలియును.

ఇందుకు విరుద్ధముగా జరిగినది లూకా 2:35లో. సుమెయోను మరియతో చెప్పినది రొంఫాయా, నిజముగానే పెద్ద కత్తి. అక్కడ "ఖడ్గము" అని మన గ్రంథము చెప్పినది సరియైనదే. కాని మఖైరాకును అదే మాట వాడియుండుట వలన లూకా చేసిన ఎంపిక మనకు కనబడదు. సువార్తలన్నిటిలో ఆ భారీ ఆయుధము వచ్చినది ఒక్కసారే, అది సైనికునికి కాదు, ఒక తల్లి ప్రాణములోనికి. కథోలిక చిత్రకారులు వ్యాకులమాత గుండెలో చిన్న బాకును గ్రుచ్చి చూపుట అలవాటు, కొన్నిట ఏడు. చిత్రమునకు ఇమడవలెను గదా. కుమారుని పోగొట్టుకొన్న తల్లులు ఈ జిల్లాలలో ఎందరో ఉన్నారు. దళములలోనికి పోయినవాడు కావచ్చు, పోలీసు ఉద్యోగములో చనిపోయినవాడు కావచ్చు, గల్ఫు నుండి పెట్టెలో వచ్చినవాడు కావచ్చు. వారి యెదుట ఈ వచనము చెప్పు కాపరి లూకా వాడిన మాట పరిమాణము తెలిసి చెప్పవలెను.

మత్తయి 10:34 గురించి క్లుప్తముగా. ప్రభువు సమాధానము కాక ఖడ్గము పంప వచ్చినాడని చూపి, క్రైస్తవులు హింసకు వచ్చినవారని చెప్పు కరపత్రములు మనకు అప్పుడప్పుడు ఎదురగుచున్నవి. అక్కడ ఉన్నదియు మఖైరాయే. లూకా అదే మాటను 12:51లో "భేదము" అని వివరించినాడు. కోయుట అను క్రియ ప్రధానము, చంపుట కాదు. ఇంటిలో ఒకరు బాప్తిస్మము పొందినప్పుడు అన్నదమ్ముల మధ్య పడు చీలిక ఎట్లుండునో మన సంఘములకు బాగా తెలుసు. ఆ బాధను ప్రభువు దాచలేదు. ఇక లూకా 22లోని రెండు కత్తుల మీద 1302లో పోపు ఎనిమిదవ బొనిఫేసు కట్టిన అధికార సిద్ధాంతమును చరిత్ర పాఠములో చదివియున్నాము. ఒకటి సంఘము చేతిలో, మరొకటి సంఘము కొరకు రాజు చేతిలో అని ఆయన వాదము. అవి పస్కా గొర్రెపిల్లను కోయుటకు తెచ్చిన కత్తులై యుండవచ్చునని క్రిసొస్తొము అంతకు తొమ్మిది వందల యేండ్ల ముందే మత్తయి ప్రసంగములలో చెప్పియుండెను. కటికెవాని కత్తుల మీద ఎంత పెద్ద సింహాసనము లేచినది!

పుటలోని బాకు

బాకు మన పుస్తకములలో మరొక రూపములో కూడా ఉన్నది. ఆంగ్ల వ్యాఖ్యానములలో అడుగు వివరణకు నక్షత్రము తరువాత వాడు † అను గుర్తును అచ్చువారు బాకు అందురు. సెమినరీ విద్యార్థులు దానిని సిలువగా చదువుట, ఆ పేరుగల పండితుడు హతసాక్షి అని అనుకొనుట మేము చూచియున్నాము. చనిపోయిన సంవత్సరము ముందు కూడా దానిని వాడుదురు గనుక ఆ పొరపాటు సహజమే. మన పట్టణములలో సంస్మరణ కూడిక పత్రికలు డి.టి.పి. చేయువారు సిలువ దొరకనప్పుడు ఈ గుర్తునే పెద్దది చేసి వేయుచున్నారు. బాకు సిలువ అయిపోయినది. దీనిలో తప్పు పట్టవలసినది ఏమియు లేదు.

దాని వంశము మాత్రము పాఠ్య విమర్శకులది. అలెగ్జాండ్రియాలో హోమరు పాఠములను సరిచూచిన పండితులు అనుమానము ఉన్న పంక్తి ప్రక్కన ఒక గీత పెట్టెడివారు, దాని పేరు ఒబెలొస్, అనగా మాంసము కాల్చు ఇనుప శూలము. మూడవ శతాబ్దములో ఓరిగెను తన హెక్సాప్లాలో అదే పద్ధతి తీసికొన్నాడు. సెప్టువజింతులో ఉండి హెబ్రీలో లేని మాటలకు శూలము, హెబ్రీలో ఉండి సెప్టువజింతులో లేనివాటికి నక్షత్రము. ఆయన ఆ మాటలను కొట్టివేయలేదు, దాచలేదు. గుర్తు పెట్టి పాఠకుని చేతికి ఇచ్చినాడు. ఆ గీత కాలక్రమమున బాకు రూపము ధరించినది. నెస్లె-ఆలండ్ 27వ ముద్రణలో కూడా, పూర్వపు ముద్రణ పాఠము మారిన చోట అదే గుర్తు నిలిచియున్నది.

మేము కోరునది కొత్త అనువాదము కాదు. తరతరములు కంఠస్థము చేసిన మాటలను మార్చితే ముసలివారి ప్రార్థన నోటిలోనే ఆగిపోవును. "ఆత్మఖడ్గము" అట్లే ఉండనిండి. సవరణ సంఘముల వారు గాని, అధ్యయన బైబిళ్లు అచ్చు వేయువారు గాని మఖైరా ఉన్న 29 చోట్లను చూచి, ఖడ్గము అని వచ్చిన ప్రతి చోట ఆ చిన్న † గుర్తు పెట్టి, పుట అడుగున "మూలములో: పొట్టి కత్తి, మత్త. 26:52 చూడుము" అని ఒక్క పంక్తి వేయవలెను. అపొ. 21:38 దగ్గర "మూలములో: బాకు దాచినవారు" అని వేయవలెను. అంతవరకు కాపరులు తమ బైబిళ్లలో పెన్సిలుతో ఆ పని తామే చేసికొనవచ్చును. రోమా 13:4తో మొదలుపెట్టుట మంచిది.